కారు పట్టించిన పెట్రోలు దొంగ

నాంపల్లిలో ఒక కార్ల వర్క్‌షాపులో నేను పద్దెనిమిదేళ్లు సర్వీస్ అడ్వైజర్‌గా పనిచేశాను. పొద్దున కస్టమర్ చెప్పింది విని జాబ్ కార్డు మీద రాసుకోవాలి. సాయంత్రం మెకానిక్ చెప్పింది విని కస్టమర్‌కు అర్థమయ్యేట్టు చెప్పాలి. చెప్పుకోవడానికి ఇంతే పని. ఇప్పుడు ఈ ఉద్యోగంలో చేరుతున్న పిల్లలు ట్రెయినింగ్‌లో కంప్యూటరు నేర్చుకుంటున్నారు, టై కట్టుకోవడం నేర్చుకుంటున్నారు. వాళ్లకు ఎవరూ చెప్పనివి రెండు మూడు సంగతులు నాకు తెలుసు. అవి నేను తప్పులు చేసి నేర్చుకున్నవి.

మాది మెదక్. నాన్న అక్కడి మిషన్ స్కూల్లో డ్రిల్లు మాస్టారు. నేను పెళ్లయ్యాక సికింద్రాబాద్ వచ్చి, తొంభైల మొదట్లో ఈ వర్క్‌షాపులో చేరాను. ఆడమనిషి కౌంటర్లో కూర్చోవడం అప్పుడు వింత. వచ్చినవాళ్లు నన్ను చూసి, "లోపల ఎవరన్న ఉన్నరా అమ్మా?" అని అడిగేవారు. నేను లోపలికి వెళ్లి, ఒక నిమిషం నిలబడి, మళ్లీ వచ్చి కూర్చుని, "చెప్పండి" అనేదాన్ని. అప్పుడు చెప్పేవారు.

ముల్లు రోజులు

ఆ రోజుల్లో కార్లలో పెట్రోలు ఎంతుందో చెప్పేది ముల్లు ఒక్కటే. దాని మీద ఎవరికీ పూర్తి నమ్మకం ఉండేది కాదు. కింద గీత తాకినా ఇంకో పది కిలోమీటర్లు పోతుందని ఒకరు, సగం చూపిస్తే పావే ఉన్నట్టని ఇంకొకరు, ఎవరి లెక్క వాళ్లకుండేది.

ఉస్మాన్‌గంజ్‌లో ఎండుమిర్చి వ్యాపారం చేసే ఒక సేటు ఒకరోజు నా కౌంటర్ దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి అడిగాడు. "మా బామ్మర్దులు ఊకె బండి అడుగుతున్నరు. లేదనరాదు. ముల్లు ఎప్పుడూ కిందనే ఉండేటట్టు చెయ్యిన్రి. పెట్రోలు పోసుకోవాలని తెలిస్తే వాళ్లే ఊకుంటరు."

మా సీనియర్ మెకానిక్ ఖాదర్ భాయ్ ఒక వైరు పీకేశాడు. ముల్లు పడుకుంది. బామ్మర్దులు రెండు వారాల్లో అడగడం మానేశారు. కానీ సేటు కారు మొజంజాహి మార్కెట్ దగ్గర నడిరోడ్డు మీద మూడుసార్లు ఆగిపోయింది. మూడోసారి ఆయన నాకు ఫోన్ చేశాడు.

"పెట్రోలు అయిపోయిందని నాకెట్ల తెలుస్తదమ్మా?"

"ముల్లు చెప్తూనే ఉంది కదండీ."

"అది అబద్ధం గద."

"ఈసారి నిజమే చెప్పింది."

ఆయన వైరు మళ్లీ తగిలించమన్నాడు.

మూర్తి గారి పద్ధతి

మా వర్క్‌షాప్ మేనేజరు మూర్తి గారు ఏలూరు వైపు నుంచి వచ్చారు. ఇంజిన్ చప్పుడు విని ఎన్నో సిలిండర్ బాగాలేదో చెప్పగలిగే మనిషి. మా మీద గొంతు పెంచి మాట్లాడింది ఎప్పుడూ లేదు. ఆయన లోపమల్లా భయం. పైవాళ్లంటే భయం, కస్టమర్ అంటే భయం, కాగితం అంటే అన్నిటికంటే భయం.

నేను చేరిన మొదటి నెలలోనే పిలిచి చెప్పారు. "చూడమ్మా రూత్, కస్టమర్‌ది తప్పని రాయకూడదు. ఆయన మళ్లీ రావాలి. కారుది తప్పని రాయకూడదు. మనం అమ్మిన కారు. ఆలోచించి రాస్తూ ఉండు."

ఎంత ఆలోచించినా మిగిలేది డ్రైవరు ఒక్కడే. క్లచ్ అరిగితే డ్రైవరు కాలు. టైరు ఒకపక్క అరిగితే డ్రైవరు చెయ్యి. ఒకసారి ఎలుక దూరి వైర్లు కొరికేసింది. మూర్తి గారు నా వైపు చూశారు. నేను "డ్రైవరు బండి నిలిపిన చోటు" అని రాశాను. అందరూ సంతోషించారు.

ఇందులో ఎవరికీ దెబ్బ తగలడం లేదనే అనుకున్నాను. జాబ్ కార్డు ఇంగ్లీషులో ఉంటుంది, డ్రైవర్లు దాన్ని చదవరు. ఇలా పదిహేనేళ్లకు పైగా రాశాను. చెయ్యి అలవాటు పడిపోయింది.

యాభై నాలుగు కిలోమీటర్లు

రెండు వేల దశకం చివర్లో మా దగ్గరికి హైబ్రిడ్ కారు వచ్చింది. పెట్రోలు ఇంజిన్‌తో పాటు ఒక బ్యాటరీ, ఒక మోటారు ఉంటాయి. సిగ్నల్ దగ్గర ఇంజిన్ దానంతటదే ఆగిపోతుంది. మెల్లగా పోతున్నప్పుడు మోటారు సాయం చేస్తుంది. బ్రేకు వేస్తే ఆ వేగం కొంత బ్యాటరీలోకి పోతుంది. మా షోరూమ్ అమ్మిన మొదటి రెండు మూడు కార్లలో ఒకటి అబిడ్స్‌లో సొంత క్లినిక్ ఉన్న డాక్టర్ దామోదర్ గారు కొన్నారు. అరవై దాటిన పెద్ద ఫిజీషియన్. థర్మామీటరును, బీపీ మిషన్‌ను తప్ప మనుషుల మాటను నమ్మని మనిషి.

కారు అప్పజెప్పే రోజు ఆయన డ్యాష్‌బోర్డు మీద అంకె చూపించి అడిగారు. "ఈ రేంజ్ అంటే ఏంది?"

"ట్యాంకులో ఉన్న పెట్రోలుతో ఇంకా ఎన్ని కిలోమీటర్లు పోవచ్చో చూపిస్తుంది సార్."

"పోవచ్చునా, పోతదా?"

పక్కన మూర్తి గారున్నారు. స్వీట్ డబ్బా చేతిలో ఉంది. "పోతుంది సార్" అన్నాను.

ఇక్కడ ఆగి ఆ అంకె సంగతి చెప్పాలి. కారు ట్యాంకులో ఎంతుందో చూసుకుంటుంది. ఈ మధ్య నడిచిన కొన్ని కిలోమీటర్లలో ఎంత తాగిందో చూసుకుంటుంది. ఇకముందు కూడా ఇలాగే నడుపుతారు అనుకుని ఒక అంకె వేస్తుంది. నెమ్మదిగా నడిపితే, నడుస్తూ నడుస్తూనే అంకె పెరగొచ్చు. దూకించి, బ్రేకులు కొట్టి, ఏసీ గట్టిగా పెడితే, నడిచిన దూరం కంటే ఎక్కువ తగ్గిపోవచ్చు. హైబ్రిడ్‌లో ఈ తేడా ఇంకా పెద్దది, మెల్లగా పోతే ఇంజిన్ ఆగిపోతూ ఉంటుంది కనుక. ఇది నాకు ఆ రోజే తెలుసు. తెలిసీ "పోతుంది" అన్నాను.

మొదటి ఆదివారం డాక్టరు గారు తనే నడుపుకుంటూ అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు కొనుక్కోవడానికి వెళ్లారు. సోమవారం ఫోన్.

"పొయ్యేటప్పుడు నాలుగొందల రెండు ఉండె. వచ్చేసరికి నాలుగొందల పద్దెనిమిది. పెట్రోలు పోయలే. ఇందుల పెట్రోలు పుడుతున్నదా?"

నేను బ్యాటరీ సంగతి చెప్పబోయాను. ఆయన అప్పటికే ఎవరో పేషెంటుకు ఈ కారు గొప్పతనం చెప్పడం మొదలుపెట్టారు.

ఆ వారం చివర మళ్లీ ఫోన్. ఈసారి గొంతు వేరుగా ఉంది.

"సోమవారం నుంచి యాదగిరి నడుపుతున్నడు. మొత్తం తిరిగింది పదహారు కిలోమీటర్లు. నంబరు డెబ్బై తగ్గింది. మిగిలిన యాభై నాలుగు కిలోమీటర్లు ఏడికి పొయినయ్?"

యాదగిరి ఆయన డ్రైవరు. మా మెదక్ వైపు ఊరే. పదకొండేళ్లుగా ఆయన దగ్గరే పనిచేస్తున్నాడు. నడుపుతున్న విధానాన్ని బట్టి అంకె మారుతుందని నేను చెప్పాను. "కారు ఒక్కటే. రోడ్డు ఒక్కటే. మనిషి మారితే పెట్రోలు ఎట్ల మారుతది?" అన్నారాయన. మరుసటి రోజు నుంచి పెట్రోలు మూత మీద గాయాలకు వేసే ప్లాస్టర్ పట్టీ అతికించి, దాని మీద సంతకం పెట్టడం మొదలుపెట్టారు. పట్టీ చెక్కు చెదరలేదు. అంకె మాత్రం తగ్గుతూనే ఉంది. అయితే ట్యాంకు కింద రంధ్రం చేశాడని నిర్ధారించుకుని, యాదగిరి చేతే నడిపించుకుంటూ కారును మా దగ్గరికి తెచ్చారు.

ఖాదర్ భాయ్ కారును లిఫ్ట్ మీద పైకెత్తాడు. డాక్టరు గారు క్లినిక్ నుంచి నేరుగా వచ్చారు, తెల్లకోటుతోనే కారు కిందికి వెళ్లారు. ట్యాంకు మీద ఎడమ అరచెయ్యి ఆనించి, కుడిచేతి వేలితో దాని మీద తట్టుతూ, ఛాతీ పరీక్ష చేసినట్టు కిందినుంచి పైకి వచ్చారు. ఒకచోట ఆగారు.

"ఈడిదాక పెట్రోలుంది. పైన ఖాళీ."

ఖాదర్ భాయ్ కొలిచి చూశాడు. సరిగ్గా అక్కడి దాకే ఉంది. వర్క్‌షాపులో అందరూ పనాపి చూశారు. ముప్పై ఏళ్లుగా ట్యాంకులు విప్పుతున్న ఖాదర్ భాయ్ నా చెవి దగ్గరికి వచ్చి, "సాబ్‌ను మన దగ్గరనే పెట్టుకుందాం మేడం" అన్నాడు.

రంధ్రం లేదు. లీకు లేదు. బండిలో ఏ లోపమూ లేదు. సాయంత్రం జాబ్ కార్డు నింపేటప్పుడు మూర్తి గారు అటుగా వచ్చి నిలబడ్డారు. నా చెయ్యి దాని అలవాటు ప్రకారం ఇంగ్లీషులో రెండు ముక్కలు రాసింది. బండిలో లోపం లేదు. కారణం డ్రైవరు.

నడిపే తీరు అని నా ఉద్దేశం. డాక్టరు గారు అది రెండుసార్లు చదివి, జేబులో పెట్టుకుని, "మీరన్నా ధైర్యంగ రాసిన్రు" అన్నారు. నాకు అర్థం కాలేదు. నమస్కారం పెట్టాను.

కారు చూసింది

రెండు రోజుల తర్వాత పోలీస్ స్టేషన్ నుంచి హెడ్ కానిస్టేబుల్ ఫోన్ చేశాడు. "మేడం, గీ కాయితం మీరే రాసిన్రా? జర వచ్చి పోన్రి."

వెళ్లేసరికి యాదగిరి బల్ల మీద కూర్చుని ఉన్నాడు. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా. ఎవరో ఫోటో తీస్తారన్నట్టు చేతులు మోకాళ్ల మీద పెట్టుకున్నాడు. నా వైపు చూసి మళ్లీ తల దించుకున్నాడు. డాక్టరు గారు కుర్చీలో ఉన్నారు. హెడ్ కానిస్టేబుల్ పెన్ను మూత తీసి చాలాసేపయినట్టుంది.

"ఎంత పోయింది సార్?"

"యాభై నాలుగు కిలోమీటర్లు."

"లీటర్లల్ల చెప్పున్రి."

"లీటర్లు నాకు తెల్వది. కిలోమీటర్లే చూపిస్తది."

"కిలోమీటర్లు ఎత్కపోయిండని నేనెట్ల రాయాలె సార్? ఎవరు చూసిన్రు?"

"కారు చూసింది."

హెడ్ కానిస్టేబుల్ నా వైపు తిరిగాడు. "మీరు రాసిన్రు గద, కారణం డ్రైవరని."

నేను నిలబడే చెప్పాను. నా రాత తప్పని, నడిపే తీరు అని రాయాల్సిందని, దొంగతనం అనే మాట నా మనసులో లేదని. డాక్టరు గారు ఓపిగ్గా విని, "వీళ్ల మేనేజరు బెదిరించి ఉంటడు. మొదటి మాటే నిజం" అన్నారు. ఇన్నేళ్లు ఎవరూ చదవని నా రాతను మొదటిసారి ఒక మనిషి పూర్తిగా నమ్మాడు. దాన్ని వెనక్కి తీసుకోవడం నాకు చేతకావడం లేదు.

పదకొండేళ్ల నౌకరి పోతుంది. దొంగ అని పేరు పడ్డ డ్రైవరుకు అబిడ్స్‌లో ఇంకెవరూ తాళంచెవి ఇవ్వరు. హెడ్ కానిస్టేబుల్‌కు ఆ కిలోమీటర్లను ఏ మాటలతో రాయాలో తోచలేదు కాబట్టి ఆ పూట యాదగిరి బతికిపోయాడు. "సోమవారం దాక నేనేం రాయను. మీల మీరే తేల్చుకొని రాన్రి" అని పెన్ను మూత పెట్టేశాడు.

తిరిగొచ్చి మూర్తి గారికి చెప్పాను. ఆదివారం కారు నడిపించి చూద్దామని డాక్టరు గారిని ఒప్పించానన్నాను. ఆయన లేచి తలుపు దగ్గరికి వేశారు. "మాట మార్చకమ్మా. ఇవాళ ఇది మారిస్తే రేపు అందరూ పాత జాబ్ కార్డులు పట్టుకుని వస్తారు."

"వస్తే బాగుండు సార్" అన్నాను. ఆయనతో నేను ఎదురు మాట్లాడింది అదే మొదలు.

మూడు చుట్లు

ఆదివారం పొద్దున ప్రార్థనకు వెళ్లి, అక్కడినుంచి నేరుగా డాక్టరు గారి ఇంటికి వెళ్లాను. ఆయన భార్య వనజ గారు కూడా వస్తానన్నారు. యాదగిరితో కలిపి మేం నలుగురం. పెట్రోలు మూతకు కొత్త పట్టీ, దాని మీద డాక్టరు గారి సంతకం. అబిడ్స్ నుంచి నాంపల్లి రైల్వే స్టేషన్ ముందుగా, పబ్లిక్ గార్డెన్స్ పక్కనుంచి, బషీర్‌బాగ్ మీదుగా మళ్లీ అబిడ్స్. మొదటి చుట్టు ఆయన, రెండోది యాదగిరి. ముందురోజే మళ్లీ పెట్రోలు పోయించారట, బయల్దేరేటప్పుడు అంకె నాలుగొందల ఐదు.

డాక్టరు గారు నడిపే తీరు నేను అప్పుడే చూశాను. స్టేషన్ ముందు ఒక తోపుడుబండి మమ్మల్ని దాటిపోయింది. దాని మీద జామకాయలున్నాయి. సగం దారి ఇంజిన్ అసలు మోగనే లేదు. అబిడ్స్ చేరాక ఫుట్‌పాత్ మీద ఒక పాత శరీరశాస్త్రం పుస్తకం కనబడి, కారాపి, పరీక్ష సంగతి మరిచిపోయి పది నిమిషాలు బేరమాడారు. పుస్తకం ఒళ్లో పెట్టుకుని వచ్చి అంకె చూశారు. నాలుగొందల పంతొమ్మిది.

"చూడున్రి. నేను నడిపితే పెరిగింది."

యాదగిరి స్టీరింగ్ ముందుకు వచ్చాడు. నేను పక్క సీట్లో. దంపతులిద్దరూ వెనక. మొదటి మలుపు తిరగకముందే వెనకనుంచి మొదలైంది.

"జల్ది పోనియ్. ఎడమదిక్కు సందుంది. కొట్టు, కొట్టు. గా ఆటో ముందల కెళ్లి తియ్."

యాదగిరి తీశాడు. బ్రేకు కొట్టాడు. మళ్లీ దూకించాడు. ఏసీ సరిపోవడం లేదని వెనకనుంచి ఇంకో ఆజ్ఞ వచ్చింది. అదీ పెంచాడు.

వనజ గారు మెల్లగా అడిగారు. "ఎక్కడికి తొందర?"

"ఎక్కడికి ఏంది?"

"ఇయ్యాల ఆదివారం. పేషెంట్లు లేరు. ఎక్కడికి తొందరని అడుగుతున్న."

డాక్టరు గారు ఒళ్లో పుస్తకం అట్ట తుడిచారు. బషీర్‌బాగ్ దగ్గర మళ్లీ ఆయనకు తెలియకుండానే "సిగ్నల్ పడ్తది, కొట్టు" అన్నారు. అబిడ్స్ చేరేసరికి అంకె మూడొందల డెబ్బై ఒకటి.

"చూసిన్రా? నా కండ్ల ముందటనే తీసిండు."

"మనం నలుగురం ఉన్నాం సార్. మూత మీద మీ సంతకం అట్లాగే ఉంది. ఎక్కడినుంచి తీశాడు?" అన్నాను.

"తీసింది యాదగిరి కాదు, మీ నోరు" అన్నారు వనజ గారు. "పదకొండేండ్ల సంది వెనక కూసోని గిదే పాట. మీరు ఒక్కరే పోయినప్పుడేమో పుస్తకాలు చూసుకుంట పోతరు."

ఆయన ఒప్పుకోలేదు. ముందుకు వంగి అంకె మీద వేలు పెట్టారు. "ఈమె నాతోని ఏం చెప్పింది? ఇన్ని కిలోమీటర్లు పోతదని చెప్పింది. మారే నంబరు నంబరెట్లయితది?"

అప్పుడు చెప్పాను. "ఆ రోజు మీరు పోవచ్చునా, పోతదా అని అడిగారు సార్. నేను పోతుందన్నాను. అది తప్పు. నాకు తెలుసు, తెలిసే అన్నాను."

వనజ గారు కిటికీ బయటికి చూస్తూ అన్నారు. "మా నాయినకు మీరు ఆరు నెలలన్నరు. ఆయన తొమ్మిదేండ్లు బతికి రోజూ మీతోనే క్యారమ్స్ ఆడిండు."

"ఆరు నెలలు ఉండొచ్చు అన్న" అని డాక్టరు గారు వెంటనే అన్నారు. "ఉంటడు అనలే. అప్పుడు ఉన్న ఒంటిని చూసి చెప్పిన. ఆయన తర్వాత సిగరెట్లు ఇడిసిపెట్టిండు, నడక మొదలుపెట్టిండు. గది అంచనా..."

ఆయన అంకె మీదనుంచి వేలు తీసేశారు.

మూడో చుట్టు నేనే అడిగాను. యాదగిరే నడపాలి, డాక్టరు గారు మాట్లాడకూడదు. వనజ గారు పాత పుస్తకం తెరిచి ఆయన ఒళ్లో పెట్టారు. కాలేయం బొమ్మ ఉన్న పేజీ అనుకుంటా. గన్‌ఫౌండ్రీ దగ్గర ఒకసారి తలెత్తారు, ఆమె పేజీ తిప్పారు. తిరిగొచ్చేసరికి మూడొందల ఎనభై ఆరు.

సోమవారం ఆయన, వనజ గారు, యాదగిరి స్టేషన్‌కు వెళ్తే నేనూ వెళ్లాను. హెడ్ కానిస్టేబుల్ అడిగాడు. "దొంగ దొరికిండా సార్?"

"దొరికిండు. నేనే."

"మీ పెట్రోలు మీరే తాగితే కేసు కాదు సార్" అని అతను ఆ జాబ్ కార్డు నాకిచ్చేశాడు.

డాక్టరు గారు యాదగిరి ముందు నిలబడ్డారు. చాలామందికి చావు కబురు చెప్పి ఉంటారు కానీ, ఈ మాట ఆయనకు అంతకంటే కష్టమైంది. "నాది తప్పు యాదగిరి. మళ్ల వస్తవా?"

యాదగిరి తొందరపడలేదు. "వస్త సార్. మీరు అరగంట ముందుగల ఎల్లాలె. వెనక కూసోని జల్ది జల్ది అనొద్దు."

"అనరు" అన్నారు వనజ గారు.

అడగలే గద

స్టేషన్ బయట యాదగిరితో కలిసి టీ తాగాను. క్షమించమని అడిగాను. అతను టీ గ్లాసు వైపు చూస్తూ, "మీరు ఇంగ్లీషుల ఏం రాసిన్రో నాకెర్క లేదు మేడం. మీరు వచ్చిన్రు, గది చాలు" అన్నాడు.

"నీకు అసలు తెలుసా, ఆ నంబరు ఎందుకు తగ్గుతుందో?"

"ఔ. మొదటి వారమే ఎర్కయింది. సార్ తొందరపెట్టిన దినం దిగుతది. సార్‌ను దించి ఖాళీ బండి మెల్లగ తెచ్చిన దినం పెరుగుతది. అమ్మగారిని గుడికి తీస్కపోతే ఇంకా పెరుగుతది."

"మరి స్టేషన్లో ఎందుకు చెప్పలేదు? మా వర్క్‌షాపులో నా ముందే నిలబడ్డావు కదా?"

"మీరు అడగలే గద."

అతను ఎత్తిపొడుపుగా అనలేదు. టీలో చక్కెర ఎక్కువైందన్నంత మామూలుగా అన్నాడు. డాక్టరు ట్యాంకు తట్టి చూశాడు, ఖాదర్ భాయ్ కొలిచాడు, హెడ్ కానిస్టేబుల్ కారును సాక్షిగా పిలవాలా అని ఆలోచించాడు. రోజూ ఆ అంకెను చూస్తూ నడిపిన మనిషిని మాలో ఒక్కరమూ అడగలేదు.

మధ్యాహ్నం వర్క్‌షాపుకు వెళ్లి జాబ్ కార్డు కొత్తగా రాశాను. మూర్తి గారు సంతకం పెట్టడానికి పెన్ను వెతుక్కుంటూ చాలాసేపు గడిపారు. చివరికి నా పెన్నే ఇచ్చాను, పెట్టారు. ఇంకో సంగతి కూడా అడిగాను. డ్రైవరు ఏం చెప్పాడో రాయడానికి కార్డులో ఒక గీత కావాలని. అచ్చయిన ఫారం మార్చడం మన చేతుల్లో లేదన్నారు. అందుకని రిటైరయ్యే దాకా ప్రతి కార్డు పైన ఆ గీత నేనే పెన్నుతో గీసుకున్నాను.

మొదటి గీత మరుసటి రోజు గీశాను. బేగం బజార్‌లో గిన్నెల దుకాణం ఉన్న ఒక ఆసామి, స్టీరింగ్ ఒకపక్కకు లాగుతోందని పావుగంట చెప్పాడు. నేనంతా రాసుకుని, ఆయన వెనక నిలబడ్డ డ్రైవరును అడిగాను.

"నువ్వేమంటావు? ఎప్పటినుంచి లాగుతోంది?"

ఆ డ్రైవరు వెనక్కి తిరిగి చూశాడు, నేను ఎవరిని అడుగుతున్నానో అని.